పట్టా సరే, పనితనం వచ్చిందా?

డిగ్రీ పూర్తిచేసిన విద్యార్థికి ఏం తెలుసు, తెలిసినదానితో ఏం చేయగలడు అన్న ప్రశ్నకు మార్కుల మెమో సూటిగా జవాబివ్వదు. సివిల్ ఇంజినీరింగ్ విద్యార్థికి ‘స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్’లో 62 మార్కులు వచ్చాయనుకుందాం. అయిదు యూనిట్లలో మూడింటిని క్షుణ్ణంగా చదివి రెండింటిని పూర్తిగా వదిలేసి ఉండవచ్చు. అయిదింటినీ అరకొరగా చదివి ఉండవచ్చు. పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని ‘ఇంపార్టెంట్’ ప్రశ్నలు నాలుగు రాత్రుల్లో బట్టీ పట్టి ఉండవచ్చు. ముగ్గురి మెమోల మీదా ఉండేది అదే 62. ఈ మూడు చదువులనూ విడదీసి చూడటానికి కాలేజీలు, యూనివర్సిటీలు చేసే ప్రయత్నమే అభ్యసన ఫలితాల మదింపు. ఇంజినీరింగ్ కాలేజీల్లో దీన్ని ‘అవుట్‌కమ్ బేస్డ్ ఎడ్యుకేషన్’, పొట్టిగా ఓబీఈ అంటారు.

మన దేశంలో ఈ ప్రశ్న ఆలస్యంగా తలెత్తడానికి కారణం యూనివర్సిటీల పుట్టుకలోనే ఉంది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో తొలి యూనివర్సిటీలు పెట్టినప్పుడు అప్పటి లండన్ యూనివర్సిటీని నమూనాగా తీసుకున్నారు. ఆ యూనివర్సిటీలు మొదట్లో పాఠాలు చెప్పలేదు. అనుబంధ కాలేజీలు పాఠం చెప్పేవి, యూనివర్సిటీ పరీక్ష పెట్టి పట్టా ఇచ్చేది. పాఠం చెప్పేది ఒకరు, ప్రశ్నపత్రం తయారుచేసేది మరొకరు, జవాబుపత్రం దిద్దేది ఇంకొకరు. 1972లో ఏర్పడి 2008లో విడిపోయిన జేఎన్‌టీయూల కింద నడిచే అనుబంధ కాలేజీల్లో నేటికీ పద్ధతి దాదాపు ఇదే. పరీక్ష రాసినవాడు ఎక్కడ తడబడ్డాడో పాఠం చెప్పినవారికి తెలిసే దారి ఇందులో లేదు.

ఈ లోపాన్ని పెద్దలు గుర్తించకపోలేదు. 1948-49లో సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన పనిచేసిన యూనివర్సిటీ విద్యా కమిషన్, ఒకే ఒక్క సంస్కరణ సూచించమంటే పరీక్షల సంస్కరణనే సూచిస్తామని తేల్చిచెప్పింది. 1931 నుంచి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా ఉన్న రాధాకృష్ణన్‌కు పరీక్షల సంగతి దగ్గరనుంచి తెలుసు. తర్వాత కొన్నేళ్లకే, 1957లో, అమెరికన్ విద్యావేత్త బెంజమిన్ బ్లూమ్ పరీక్షల సంస్కరణకు సలహాలివ్వడానికి భారతదేశం వచ్చాడు. నేర్చుకోవడంలోని మెట్లను వర్గీకరిస్తూ అంతకు ముందు ఏడాదే ఆయన బృందం పుస్తకం ప్రచురించింది. గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం, అన్వయించడం, విశ్లేషించడం, విలువకట్టడం, సృష్టించడం అంటూ ఇప్పుడు అందరూ చెప్పే ఆరు మెట్ల వరస 2001లో సవరించిన రూపం. బ్లూమ్ సలహాలు మన దగ్గర ఉన్నత పాఠశాలల పరీక్షలకే పరిమితమయ్యాయి. ఆ మెట్లు మన ఇంజినీరింగ్ ప్రశ్నపత్రాల్లో ఒక్కో ప్రశ్న పక్కన ‘బ్లూమ్స్ లెవెల్’ అనే కాలమ్‌గా కనబడటానికి మరో అర్ధశతాబ్ది పైనే పట్టింది.

అప్పుడైనా ఆ కాలమ్‌ను తెచ్చింది తరగతి గదిలో పుట్టిన ఆలోచన కాదు, అంతర్జాతీయ గుర్తింపు అవసరం. ఆస్ట్రేలియా, కెనడా, ఐర్లండ్, న్యూజీలాండ్, బ్రిటన్, అమెరికాలకు చెందిన ఇంజినీరింగ్ సంస్థలు 1989లో వాషింగ్టన్ అకార్డ్ అనే ఒప్పందం చేసుకున్నాయి. ఒక దేశంలో గుర్తింపు పొందిన ఇంజినీరింగ్ కోర్సును తక్కిన దేశాలు తమ కోర్సుతో సమానంగా చూడాలన్నది దాని సారం. సిలబస్‌లో ఏమేం ఉన్నాయి, లైబ్రరీలో ఎన్ని పుస్తకాలున్నాయి అన్న లెక్క ఇక్కడ చాలదు. పట్టభద్రుడికి ఏం వచ్చో రుజువు చూపాలి. సాంకేతిక విద్యా నియంత్రణ సంస్థ ఏఐసీటీఈ 1994లో ఏర్పాటుచేసిన నేషనల్ బోర్డ్ ఆఫ్ అక్రెడిటేషన్, అంటే ఎన్‌బీఏ, 2007లో ఈ ఒప్పందంలో తాత్కాలిక సభ్యత్వం పొందింది, 2010లో స్వతంత్ర సంస్థ అయింది, 2014 జూన్ 13న శాశ్వత సభ్యురాలైంది.

తెలుగు నాట దీని గురించి కొంత అపోహ ఉంది. వాషింగ్టన్ అకార్డ్ వీసా ఇప్పించేది కాదు, ఎంఎస్ సీటు ఇప్పించేది అంతకన్నా కాదు. వృత్తిపరమైన ఇంజినీరుగా లైసెన్సుకో, రిజిస్ట్రేషన్‌కో దరఖాస్తు చేసినప్పుడు చదువును సమానంగా లెక్కించేందుకు ఉద్దేశించినది అది. పైగా ఎన్‌బీఏ గుర్తింపు ఉన్న ప్రతి కోర్సుకూ ఇది వర్తించదు. యూనివర్సిటీలు, స్వయంప్రతిపత్తి గల కాలేజీలు టైర్-1 కిందకూ, అనుబంధ కాలేజీలు టైర్-2 కిందకూ వస్తాయి. అకార్డ్ గుర్తింపు టైర్-1లో అక్రెడిటేషన్ పొందిన కోర్సులకే. బ్రోచర్ మీద పెద్ద అక్షరాలతో ఎన్‌బీఏ అని ఉన్నప్పుడు తల్లిదండ్రులు అడగవలసిన ప్రశ్నలు రెండు: ఏ బ్రాంచికి, ఏ టైరులో.

ఓబీఈలో లక్ష్యాలు మూడు అంచెలుగా ఉంటాయి. పట్టా పుచ్చుకున్న కొన్నేళ్లకు విద్యార్థి వృత్తిలో ఏ స్థితిలో ఉండాలన్నది పై అంచె. పట్టా పుచ్చుకునే రోజుకు అతనికి ఏమేం వచ్చి ఉండాలన్నది నడిమి అంచె, వాటినే ప్రోగ్రామ్ అవుట్‌కమ్స్ లేదా పీవోలు అంటారు. వీటిని ఎన్‌బీఏ అన్ని కాలేజీలకూ ఒకేలా నిర్దేశించింది. చాలాకాలం 12 ఉండేవి, అంతర్జాతీయంగా 2021లో జరిగిన సవరణకు అనుగుణంగా ఇటీవల 11 అయ్యాయి. గణితం, విజ్ఞానశాస్త్రం తెలియడం, సమస్యను విశ్లేషించడం, డిజైన్ చేయడం ఎటూ ఉంటాయి. వాటితో పాటు జట్టుగా పనిచేయడం, భావ వ్యక్తీకరణ, వృత్తి నైతికత, జీవితాంతం నేర్చుకునే అలవాటు కూడా జాబితాలో ఉన్నాయి. కింది అంచె కోర్స్ అవుట్‌కమ్స్, అంటే సీవోలు. ఒక్కో సబ్జెక్టుకు అయిదారు సీవోలను ఆ సబ్జెక్టు చెప్పే అధ్యాపకులే రాస్తారు.

సీవో రాయడంలో ప్రాణమంతా క్రియాపదంలో ఉంటుంది. ‘విద్యార్థి దూలాల ప్రవర్తనను అర్థం చేసుకుంటాడు’ అని రాస్తే దాన్ని ఎవరూ కొలవలేరు. ‘ఇచ్చిన దూలానికి, ఇచ్చిన బరువుకు షియర్ ఫోర్స్, బెండింగ్ మొమెంట్ డయాగ్రమ్‌లు గీసి, దూలం ఎక్కడ బలహీనమో చెప్పగలడు’ అని రాస్తే కొలవవచ్చు.

ఆ కొలత ఎలా జరుగుతుందో ఈ దూలం సీవోతోనే చూడవచ్చు. తరగతిలో 60 మంది ఉన్నారనుకుందాం. ఈ సీవోకు సంబంధించిన ప్రశ్నల్లో 60 శాతం మార్కులు తెచ్చుకుంటే విద్యార్థి లక్ష్యం చేరినట్టు అని డిపార్ట్‌మెంట్ ముందే నిర్ణయించుకుంటుంది. తరగతిలో సగం మంది చేరితే స్థాయి 1, 60 శాతం మంది చేరితే 2, 70 శాతం చేరితే 3. మిడ్ పరీక్షల్లో 39 మంది చేరారు, అంటే 65 శాతం, స్థాయి 2. సెమిస్టర్ పరీక్షలో 33 మందే చేరారు, 55 శాతం, స్థాయి 1. ఇంటర్నల్‌కు 30, ఎక్స్‌టర్నల్‌కు 70 వంతున తూకం వేస్తే 1.3 వస్తుంది. తర్వాత సెమిస్టర్ చివర విద్యార్థులకు ఒక ఫారం ఇచ్చి ‘ఈ అంశం మీకు ఎంతవరకు వచ్చింది?’ అని అడుగుతారు. దాని సగటు 2.6 అనుకుందాం. పరీక్షలకు 80, ఫారానికి 20 శాతం విలువ ఇస్తే తుది అంకె 1.56. ఈ సీవోకూ ‘సమస్యా విశ్లేషణ’ అనే పీవోకూ ఉన్న బంధం గట్టిదైతే 3, మధ్యస్తమైతే 2, పలచనైతే 1 అని పట్టికలో వేసి, నాలుగేళ్ల సబ్జెక్టులన్నిటి అంకెలనూ ఆ తూకంతో కలిపి పీవో స్థాయి తేలుస్తారు.

లెక్క చూడముచ్చటగా ఉంటుంది. దాని చిల్లులు మాత్రం ఒక్కో మెట్టులో ఒకటి చొప్పున ఉన్నాయి. 1.3ను 1.56కు ఎత్తింది ఏ పరీక్షా కాదు, తమకు బాగా వచ్చిందని విద్యార్థులు టిక్కు పెట్టిన ఫారం. లక్ష్యాన్ని 60 శాతం నుంచి 50కి దించితే, ఎవరికీ కొత్తగా ఏమీ రాకపోయినా, స్థాయి పైకి పోతుంది. ప్రశ్నను ‘ప్రయత్నించినవారి’ని మాత్రమే లెక్కలోకి తీసుకునే ఆనవాయితీ ఇంకా గమ్మత్తయినది. ‘ఇదిగాని అదిగాని’ పద్ధతిలో వచ్చిన కష్టమైన ప్రశ్నను 60 మందిలో 10 మందే ముట్టుకుని, వారిలో 8 మంది బాగా రాస్తే 80 శాతం వచ్చినట్టు, స్థాయి 3. తక్కిన 50 మందికి ఆ అంశం వచ్చో రాదో ఆ అంకెలో లేదు.

అన్నిటికన్నా పెద్ద చిల్లు అనుబంధ కాలేజీలది. సెమిస్టర్ జవాబుపత్రాలు యూనివర్సిటీకి పోతాయి, తిరిగొచ్చేది మొత్తం మార్కు ఒక్కటే. ఏ ప్రశ్నకు ఎన్ని వచ్చాయో కాలేజీకి తెలియదు. దాంతో ఆ ఒకే మార్కును అన్ని సీవోలకూ పంచేస్తారు. మూడు యూనిట్లు చదివి రెండు వదిలేసిన విద్యార్థికీ అయిదూ అరకొరగా చదివిన విద్యార్థికీ తేడా చెప్పడానికి పెట్టుకున్న పద్ధతి, 70 శాతం తూకం ఉన్న పరీక్ష దగ్గరే ఆ తేడాను చెరిపేస్తుంది. అక్రెడిటేషన్ బృందం వచ్చే ముందు ఎక్సెల్ షీట్లతో జాగారాలు చేసే అధ్యాపకులకు ఇది తెలియక కాదు. ఫైల్లో గడి ఖాళీగా ఉండకూడదు, అంతే.

ఇన్ని పట్టికల కంటే నికరంగా విషయం తేల్చేది ప్రశ్నపత్రం. దూలం సీవోకు ‘సింప్లీ సపోర్టెడ్ దూలానికి మధ్యలో పాయింట్ లోడ్ ఉన్నప్పుడు గరిష్ఠ బెండింగ్ మొమెంట్ సూత్రం రాబట్టండి’ అని అడగవచ్చు. ఇది ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉంది, పేజీ మొత్తం కంఠతా వచ్చినవాడికి పూర్తి మార్కులు. దాన్నే ఇంకోలా అడగవచ్చు: రెండు గోడల మీద ఆనిన 4 మీటర్ల దూలం మధ్యలో నీళ్ల ట్యాంకు ఉంది. ఇంటి యజమాని దాన్ని ఒక గోడకు మీటరు దూరానికి జరుపుతానంటున్నాడు. మేలా, కీడా? దూలం బరువును పక్కనబెట్టి, ట్యాంకు బరువును ఒక్క చోట పడే భారంగా తీసుకుంటే, ట్యాంకు మధ్యలో ఉన్నప్పటికన్నా దూలాన్ని వంచే మొమెంట్ నాలుగో వంతు తగ్గుతుంది. కానీ దగ్గరి గోడ మీద పడే భారం ట్యాంకు బరువులో సగం నుంచి ముప్పావుకు పెరుగుతుంది. డయాగ్రమ్ గీయడం నిజంగా వచ్చినవాడు రెండూ చెబుతాడు, ఆ గోడ సంగతేమిటని ఎదురు ప్రశ్న కూడా వేస్తాడు. రెండు ప్రశ్నలూ ఒకే సీవో కింద, ఒకే మార్కులకు రావచ్చు. ఎక్సెల్‌కు రెండూ ఒకటే.

ఏఐసీటీఈ 2018లో విడుదల చేసిన పరీక్షల సంస్కరణ విధానం ఈ విషయాన్నే పట్టుకుంది. జ్ఞాపకశక్తిని అడిగే ప్రశ్నల బదులు అన్వయం, విశ్లేషణ, డిజైన్ అడిగే ప్రశ్నలు ఎలా ఉండాలో నమూనాలతో సహా చూపింది. అయితే రెండో రకం ప్రశ్న తయారుచేయడానికి పదింతల సమయం పడుతుంది. దిద్దడానికి కూడా ‘కీ’ పక్కనబెట్టి ఆలోచించాలి. స్పాట్ వాల్యుయేషన్‌లో రోజుకు ఇన్ని పత్రాలని లెక్కగట్టి దిద్దే చోట దీనికి తావు తక్కువ.

రాతపరీక్షకు లొంగనివి కొన్ని ఉన్నాయి. జట్టుగా పనిచేయడం, నలుగురిలో విషయం వివరించడం, ప్రాజెక్టు నడపడం లాంటివాటికి రూబ్రిక్ వాడతారు. ఒక్కో గుణాన్నీ మూడు నాలుగు స్థాయుల్లో మాటల్లో వర్ణించి, విద్యార్థి పని ఏ వర్ణనకు దగ్గరగా ఉందో చూసి గుర్తించడమే రూబ్రిక్. అమెరికన్ కాలేజీలు, యూనివర్సిటీల సంఘం 2009లో ఇలాంటివాటిని ‘వాల్యూ రూబ్రిక్స్’ పేరిట తయారుచేసి అందరికీ అందుబాటులో పెట్టింది. ఇద్దరు అధ్యాపకులు ఒకే ప్రాజెక్టు రిపోర్టును విడివిడిగా చూసి దాదాపు ఒకే స్థాయి ఇచ్చినప్పుడే రూబ్రిక్ పనిచేస్తున్నట్టు. ఆ సరిచూపు లేకుండా నలుగురు సభ్యుల బృందంలో నలుగురికీ 9కి తగ్గకుండా మార్కులు పడుతున్న చోట రూబ్రిక్ ఉన్నా లేనట్టే.

ఇంకో చిక్కు ప్రశ్న ఉంది. ఎంట్రన్స్‌లో మంచి ర్యాంకులు తెచ్చుకున్న పిల్లలు చేరిన కాలేజీలో ఫలితాలు బాగుంటే, ఆ ఘనత కాలేజీదా, పిల్లలదా? పాఠానికి ముందు ఎంత వచ్చు, పాఠం తర్వాత ఎంత వచ్చు అని రెండుసార్లు కొలిస్తే తప్ప ఇది తేలదు. భౌతికశాస్త్ర అధ్యాపకులు ఈ పని చక్కగా చేశారు. న్యూటన్ సూత్రాలు ఎంతవరకు తలకెక్కాయో చూడటానికి 1992లో అమెరికాలో ‘ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ’ అనే పరీక్ష తయారైంది. అందులో లెక్కలు కట్టవలసిన పనే లేదు. పెద్ద లారీ చిన్న కారును గుద్దినప్పుడు దేనిమీద ఎక్కువ బలం పడుతుంది లాంటి మామూలు ప్రశ్నలు, పక్కన నమ్మబుద్ధయ్యే తప్పు జవాబులు. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ తన విద్యార్థులకు ఇలాంటి పరీక్షనే ఇచ్చాడు. కఠినమైన లెక్కలు చేయగల పిల్లలు ఈ ప్రశ్నల దగ్గర బోల్తాపడటం చూసి పాఠం చెప్పే పద్ధతినే మార్చుకున్నాడు. 1998లో రిచర్డ్ హేక్ 6,000 మందికి పైగా విద్యార్థుల వివరాలు కూర్చి పోల్చాడు. పాఠానికి ముందు తెలియనిదానిలో ఎంత భాగం పాఠం తర్వాత తెలిసిందన్నది ఆయన కొలమానం. ఉపన్యాసం విని నోట్సు రాసుకునే తరగతుల్లో అది సగటున 0.23, విద్యార్థులు చర్చించి జవాబు తేల్చుకునే తరగతుల్లో 0.48. తరగతి నడిచే తీరే ఇంత తేడా చూపింది.

దేశాల స్థాయిలో ఇలాంటి కొలత తేలిక కాదు. ఆర్థిక సహకారం కోసం ఏర్పడిన దేశాల కూటమి ఓఈసీడీ 17 దేశాల్లో కాలేజీ విద్యార్థుల సామర్థ్యాన్ని ఒకే పరీక్షతో కొలవాలని ‘అహెలో’ పేరిట ప్రయోగం చేసింది గానీ, అది ప్రయోగ దశ దాటలేదు. బ్రెజిల్ 2004 నుంచి ‘ఎనాడె’ అనే జాతీయ పరీక్ష నడుపుతోంది. అందులో వచ్చిన మార్కు విద్యార్థి డిప్లొమా మీదకు ఎక్కదు, హాజరైతే చాలు. అలాంటప్పుడు మనసుపెట్టి రాసేదెందరు అన్న అనుమానం దాని అంకెలను వెన్నాడుతూనే ఉంది. మనకు నేరుగా సంబంధించినది 2021లో ‘నేచర్ హ్యూమన్ బిహేవియర్’ పత్రికలో వచ్చిన అధ్యయనం. భారత్, చైనా, రష్యా, అమెరికాల్లో కంప్యూటర్ సైన్స్, ఎలక్ట్రికల్ వర్గాల కోర్సులు చదివే సుమారు 30,000 మందిని అందులో పరీక్షించారు. మొదటి రెండేళ్లలో భారత విద్యార్థులు గణితం, భౌతికశాస్త్రాల్లో మెరుగుపడ్డారు. విమర్శనాత్మక ఆలోచనలో మాత్రం ఎదుగుదల కనబడలేదు. పరీక్ష దేన్ని అడుగుతుందో చదువు అటే పోతుందన్న మాటకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదేమో.

ఇంజినీరింగేతర డిగ్రీ కాలేజీలకు ఓబీఈ పద్ధతి, ఉన్నత విద్యాసంస్థలను మదింపు చేసే న్యాక్ ద్వారా చేరింది. బెంగళూరు కేంద్రంగా పనిచేసే ఈ సంస్థ బోధన, మూల్యాంకనాలకు కేటాయించిన ప్రమాణంలో అభ్యసన ఫలితాలను విడిగా అడుగుతుంది. ఇంజినీరింగ్ కోసం కుట్టిన చొక్కా సాహిత్యానికి, చరిత్రకు పట్టదన్న ఫిర్యాదు సహేతుకమే. అయినా మదింపు అసాధ్యం కాదు. ఎం.ఏ. తెలుగు విద్యార్థికి సిలబస్‌లో ఉన్న పద్యానికి ప్రతిపదార్థం రాయమంటే గైడు చదివినవాడూ రాస్తాడు. ఎన్నడూ చూడని పద్యం ఇచ్చి అన్వయం తీయమంటే, ఛందస్సు గుర్తించమంటే, సందర్భం ఊహించి సమర్థించమంటే అతనికి పద్యం చదవడం వచ్చిందో లేదో పది నిమిషాల్లో తెలిసిపోతుంది. దీనికి పట్టిక అక్కర్లేదు, జంకని పరీక్షకుడు చాలు.

కొలిచాక ఏం చేస్తారన్నది మిగిలింది. పద్ధతి ప్రకారం ప్రతి డిపార్ట్‌మెంటూ ఏటా సీవో, పీవో అంకెలు చూసి, తక్కువగా ఉన్నచోట ఏం చర్య తీసుకున్నదీ రాయాలి. ఎక్కువ ఫైళ్లలో కనబడే చర్య ‘అదనపు తరగతులు, అసైన్‌మెంట్లు ఇవ్వబడినవి’. దూలం సీవోలో 1.56 వచ్చిన తరగతికి ఇది సరిపోదు. మిడ్ పరీక్షలో లక్ష్యం చేరని 21 మంది జవాబుపత్రాలు ఇంకా కాలేజీలోనే ఉన్నాయి. వాటిని మళ్లీ తిరగేస్తే, 14 మంది డయాగ్రమ్ దగ్గర కాదు, దానికన్నా ముందు మెట్టయిన ఆధారాల రియాక్షన్లు కనుక్కోవడంలోనే తప్పారని తేలిందనుకుందాం. అది ఈ సబ్జెక్టు పాఠమే కాదు, మొదటి సంవత్సరంలో ఇంజినీరింగ్ మెకానిక్స్‌లో వేరే అధ్యాపకులు చెప్పినది. అదనపు తరగతుల్లో డయాగ్రమ్‌లు ఎన్నిసార్లు గీయించినా ఆ 14 మందికి ఒరిగేదేమీ లేదు. ఈ బ్యాచ్‌కు రియాక్షన్లు మళ్లీ చెప్పాలి. వచ్చే బ్యాచ్‌కు సెమిస్టర్ తొలి వారంలోనే రియాక్షన్ల మీద చిన్న పరీక్ష పెట్టాలి. ఈ జవాబుపత్రాలు నాలుగైదు తీసుకెళ్లి మెకానిక్స్ చెప్పేవారితో కూర్చోవాలి. ఏడాది తర్వాత మిడ్ పరీక్షలో అదే కష్టం ఉన్న ప్రశ్న ఇచ్చి, రియాక్షన్ల దగ్గర తప్పినవారు ఎందరో మళ్లీ లెక్కపెట్టాలి.